కుర్చీ ఇచ్చారు, ఊరివ్వలేదు
పంచాయతీ నాయకత్వ శిక్షణల మీద ఒక విమర్శ

పంచాయతీల గురించి మాట్లాడే పెద్దలందరూ ఈ మధ్య ఒకే మాట దగ్గరకొచ్చి ఆగుతున్నారు. స్థానిక నాయకులకు శిక్షణ ఇవ్వాలి, వాళ్ల సామర్థ్యం పెంచాలి, అప్పుడు గ్రామం బలపడుతుంది, అందరినీ కలుపుకుపోయే గ్రామం తయారవుతుంది అన్నదే ఆ మాట. ప్రభుత్వం ఇదే అంటుంది, స్వచ్ఛంద సంస్థలు ఇదే అంటాయి, సెమినార్లు పెట్టే మేధావులూ ఇదే అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ మాట కింద రెండు తప్పుడు నమ్మకాలు దాగి ఉన్నాయని మా అభిప్రాయం. గ్రామం ఇప్పటికే ఒక సమాజంగా ఉంది, దాన్ని కాస్త బలపరిస్తే చాలు అన్నది మొదటిది. దళిత సర్పంచ్ పని చేయలేకపోతే లోపం ఆ సర్పంచ్‌లోనే ఉంది అన్నది రెండోది. ఈ రెండింటినీ ఇక్కడ చర్చకు పెట్టదలచుకున్నాం.

ఏ ఊరు? ఎవరి ఊరు?

గ్రామం పేరెత్తితే చాలు, మన మేధావులకు గాంధీ గుర్తొస్తాడు. స్వయంపోషక గ్రామం, రచ్చబండ, అయిదుగురు పెద్దమనుషులు. ఆ అయిదుగురిలో మాలగానీ మాదిగగానీ ఎప్పుడైనా ఉన్నారా అని ఎవరూ అడగరు. అడిగినవాడు అంబేద్కర్. 1932లో బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లు చర్చకు వచ్చినప్పుడే, అణగారిన కులాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం లేకుండా పంచాయతీలకు అధికారాలు కట్టబెడితే ఆ అధికారాలు ఎవరి మీద ప్రయోగిస్తారో ఆయన హెచ్చరించాడు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ, గ్రామాన్ని పునాదిగా తీసుకోలేదన్న విమర్శకు జవాబిచ్చాడు. గ్రామం స్థానికతకూ అజ్ఞానానికీ సంకుచితత్వానికీ నిలయమని తేల్చి చెప్పి, వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం ప్రకటించాడు. ఆ తర్వాత కె. సంతానం తెచ్చిన సవరణతో పంచాయతీలు 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లోకి వచ్చాయి. అంబేద్కర్ దాన్ని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు గనుక తన అభిప్రాయం మార్చుకున్నాడని చెప్పేవాళ్లున్నారు. అంతకుముందు ఏడాదే, 1947లో, 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రంలో దళితులకు ప్రత్యేక గ్రామాలు కావాలని ఆయన కోరిన సంగతిని మాత్రం వాళ్లు దాటేస్తారు.

ప్రత్యేక గ్రామాల కోరిక వెనుక ఉన్న తర్కం చాలా తేలికైంది. ఊరుకూ వాడకూ మధ్య ఉన్నది దూరం మాత్రమే అయితే రోడ్డు వేస్తే సరిపోతుంది. ఉన్నది ఆధారపడటం. భూమి ఊరిది, కూలి వాడది. చెరువు ఊరిది, దప్పిక వాడది. ఇట్లాంటి చోట 'సమాజాన్ని బలపరచడం' అంటే దేన్ని బలపరచడం? 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల మీద పడ్డవాళ్లు బయటి నుంచి వచ్చిన దొంగలు కాదు. అక్కడ సమాజం బలంగానే ఉంది. ఆ బలమే దళితుల్ని చంపింది. చుండూరు కేసులో ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. గ్రామం, ఐక్యత, సామరస్యం అన్న మాటలు వినగానే మాకు అనుమానం రావడానికి ఈ చరిత్ర కారణం.

తొమ్మిది గ్రామాల్లో కనిపించని కులం

కేంద్ర ప్రభుత్వం 2018లో రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ అనే పథకం మొదలుపెట్టింది. పంచాయతీ ప్రతినిధులకు శిక్షణ ఇవ్వడం దీని ప్రధాన పని. 2022లో దీన్ని సవరించి, ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను పంచాయతీ స్థాయికి దించుతున్నామని చెప్పి తొమ్మిది ఇతివృత్తాలు తయారుచేశారు. పేదరికం లేని గ్రామం, ఆరోగ్యవంతమైన గ్రామం, బాలల స్నేహపూర్వక గ్రామం, నీరు సమృద్ధిగా ఉన్న గ్రామం, పచ్చని శుభ్రమైన గ్రామం, మౌలిక సదుపాయాలున్న గ్రామం, సామాజిక న్యాయం, భద్రత ఉన్న గ్రామం, సుపరిపాలన గల గ్రామం, మహిళా స్నేహపూర్వక గ్రామం. లెక్కపెట్టి చూడండి, తొమ్మిదీ ఉన్నాయి. అంటరానితనం లేని గ్రామం అనే పేరు మాత్రం వీటిలో లేదు.

'సామాజిక న్యాయం'లో అది ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. పేదరికాన్ని పేదరికం అని రాయగలిగినవాళ్లు, నీటిని నీరు అని రాయగలిగినవాళ్లు, కులం దగ్గరకొచ్చేసరికి మాట ఎందుకు మార్చారన్నదే మా ప్రశ్న. పేరు పెట్టనిదాన్ని కొలవలేరు. నల్లా కనెక్షన్లెన్ని, మరుగుదొడ్లెన్ని అని సర్పంచ్ లెక్క చెప్పాలి. గుళ్లోకి వాడ నుంచి ఎవరెళ్లారు, హోటల్లో ఏ గ్లాసు ఇస్తున్నారు, వాటర్ ట్యాంకు ఏ వీధిలో కట్టారు, శ్మశానానికి దారి ఎవరి పొలంలో ఆగిపోయింది అన్న లెక్క ఆ తొమ్మిది పేర్లలో దేని కింద రాయాలి? అన్నింటినీ 'సామాజిక' అన్న మాటలో కలిపేస్తే, పింఛన్ల జాబితా రాసి సామాజిక న్యాయం పూర్తయిందని చెప్పుకోవచ్చు. ప్రణాళికకు సమగ్రత వస్తుంది, వాడ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకోవడం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో రెండు అధికరణాలను పక్కపక్కన పెట్టి చదవాలి. 243డి ప్రకారం జనాభా దామాషాలో ఎస్సీ, ఎస్టీలకు స్థానాలూ అధ్యక్ష పదవులూ కేటాయించి తీరాలి. 243జి ప్రకారం పంచాయతీలకు అధికారాలను రాష్ట్ర శాసనసభ ఇవ్వవచ్చు. ఒకచోట 'తీరాలి', ఇంకోచోట 'వచ్చు'. పదకొండో షెడ్యూల్‌లో 29 అంశాలు రాశారు. 27వ అంశం బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీల సంక్షేమం. రాయడం రాశారు గానీ ఇవ్వడం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. దళితుడు కుర్చీ ఎక్కడం తప్పనిసరి అయింది. ఆ కుర్చీకి పని ఉండటం మాత్రం ఐచ్ఛికం అయింది.

ఇది కాకతాళీయం అని మేము అనుకోవడం లేదు. కరణం, మునసబు, గ్రామ పెద్ద అన్న పదవులు అగ్రకులాల చేతుల్లో ఉన్నంతకాలం వాటికి ఏ సామర్థ్య శిక్షణా అవసరం పడలేదు. నియోజకవర్గానికి ఎవరు రెడ్డి, ఎవరు చౌదరి అన్న లెక్కతో రాజకీయాలు నడిపినవాళ్లను ఎవరూ రాజేంద్రనగర్ పిలిచి మూడు రోజులు కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. రిజర్వేషన్‌తో దళితులు, ఆడవాళ్లు వచ్చాకనే 'వీళ్లకు తెలియదు' అన్న సమస్య పుట్టింది.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టాన్నే చూద్దాం. నిధులు తీయాలంటే సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలని ఉమ్మడి చెక్ పవర్ పెట్టారు. సర్పంచ్‌ను ఊరంతా ఓటేసి గెలిపిస్తుంది. ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. ఆ పదవికి రిజర్వేషన్ లేదు. సర్పంచ్ స్థానం ఎస్సీకి రిజర్వయిన ఊళ్లో ఉప సర్పంచ్ ఎవరవుతారో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. దళిత మహిళ సర్పంచ్ అయితే చెక్కుబుక్కు పట్టుకుని ఎవరి గడప దగ్గర నిలబడాలో ఈ చట్టమే నిర్ణయించింది. ఇంత చేసి, ఆమె సంతకం చేయడానికి భయపడుతోంది కాబట్టి ఆత్మవిశ్వాసం పెంచే తరగతి పెడతామంటారు.

డబ్బు సంగతి ఇంకా ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామ పంచాయతీల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యం పనులకు ముడివేసింది. మిగిలింది 40 శాతం. ఏ పనైనా ముందు సొంత డబ్బు పెట్టి చేయించి, తర్వాత బిల్లు కోసం ఎదురుచూడటం మన రెండు రాష్ట్రాల్లో సర్పంచులకు మామూలు అయిపోయింది. భూమి ఉన్నవాడు ఎదురుచూడగలడు. నెలల తరబడి బిల్లు రాకపోయినా వాడి పంట ఆగదు. కూలికి పోయే సర్పంచ్ ఎవరి దగ్గర అప్పు తెస్తాడు? ఊళ్లో అప్పిచ్చేవాడి దగ్గరే. అప్పుడు పని కాంట్రాక్టు ఎవరికి పోతుంది, సీసీ రోడ్డు ముందు ఏ వీధికి వస్తుంది అన్నవి పంచాయతీ తీర్మానంతో పని లేకుండానే తేలిపోతాయి. ఎంత శిక్షణ ఇచ్చినా ఈ వడ్డీ లెక్క మారదు.

ఇక ఎన్నికలే పెట్టకపోవడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో పదవీకాలం ముగిస్తే 2013లో ఎన్నికలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో ముగిస్తే 2021 ఫిబ్రవరి దాకా ఆగారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ముగిస్తే 2025 డిసెంబర్‌లో పెట్టారు. మధ్య కాలమంతా ప్రత్యేకాధికారుల పాలన. అయిదేళ్లకోసారి ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగం చెప్పినా ఇదీ వరస. అసెంబ్లీని ఇట్లా రెండేళ్లు ఖాళీగా ఉంచితే దేశం ఊరుకుంటుందా?

ఏకగ్రీవం అనే నిశ్శబ్దం

అందరినీ కలుపుకుపోవడం అన్న మాటకు మన ప్రభుత్వాలు కనిపెట్టిన దగ్గరి దారి ఏకగ్రీవం. 2021 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. కారణం ఏమని చెప్పారు? ఊళ్లో కక్షలు లేకుండా ఉండాలట. పోటీ చేయడమే కక్ష అయితే, రిజర్వుడు స్థానంలో పోటీ చేసే దళితుడు కక్షదారు అవుతాడు. పెద్దమనుషులు గుడి దగ్గర కూర్చుని, తమ దగ్గర పాలేరుగానో జీతగాడుగానో ఉన్నవాడి పేరు చెప్పి అందర్నీ ఒప్పిస్తే అది సామరస్యం అవుతుంది. ఇంకొన్ని ఊళ్లలో పదవినే వేలం వేస్తున్నారు. పాట పాడినవాడు గుడికి డబ్బు కడతాడు, నామినేషన్ మాత్రం రిజర్వేషన్‌కు సరిపోయే మనిషితో వేయిస్తాడు. ఏకగ్రీవానికి డబ్బివ్వడం అంటే నోరెత్తనందుకు బహుమతి ఇవ్వడమే.

ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా నిజామాబాద్ ప్రాంతంలో, గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నాయి. ఇవి ఏ చట్టం కింద ఎన్నికైనవి కావు. కానీ బెల్టు షాపుల వేలం నుంచి కులాల మీద జరిమానాలు, సాంఘిక బహిష్కరణల దాకా ఇవి తీర్పులు చెబుతున్నాయి. అభివృద్ధి, కమిటీ, గ్రామం, భాగస్వామ్యం అన్న మాటలన్నీ వీటి నోటా ఉన్నాయి. ప్రజల భాగస్వామ్యం ఉంటే చాలు ప్రజాస్వామ్యం వస్తుందని చెప్పేవాళ్లు ఈ కమిటీలను చూసి మాట్లాడాలి. ఎన్నికైన పంచాయతీలో దళితుడు కూర్చున్నప్పుడు అసలు అధికారం లేచి పక్కింట్లోకి ఎట్లా పోతుందో ఇక్కడ తెలుస్తుంది.

ఈ పరిస్థితి మన రాష్ట్రాలకే పరిమితం కాదు. తమిళనాడు మదురై జిల్లా మేలవలవు పంచాయతీని 1996లో ఎస్సీలకు రిజర్వు చేశారు. అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్‌ను, మరో అయిదుగురిని 1997 జూన్ 30న చంపారు. అదే జిల్లాలోని పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళంలో రిజర్వుడు స్థానాలకు పదేళ్లపాటు పాలన సాగనివ్వలేదు. గెలిపించి వెంటనే రాజీనామా చేయించారు. 2006లో గానీ సరిగ్గా ఎన్నికలు జరగలేదు. 2020లో కడలూరు జిల్లా తెర్కు తిట్టైలో దళిత మహిళా అధ్యక్షురాలిని సమావేశంలో నేల మీద కూర్చోబెట్టారు. అదే ఏడాది స్వాతంత్ర్య దినానికి దళిత అధ్యక్షులు జెండా ఎగరేసేటట్లు చూడండని ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి కలెక్టర్లకు ఉత్తర్వు పంపాల్సి వచ్చింది. నేల మీద కూర్చున్న అధ్యక్షురాలికి ఏ నైపుణ్యం తక్కువైంది? కుర్చీలో ఎట్లా కూర్చోవాలో ఆమెకు తెలియదా?

చదువు అనే కొలబద్ద

సామర్థ్యం గురించిన ఈ మాటలు చివరికి ఎక్కడికి చేరతాయో హర్యానా చూపించింది. 2015లో అక్కడి ప్రభుత్వం పంచాయతీకి పోటీ చేసేవాళ్లకు చదువు అర్హత పెట్టింది. మామూలుగా పదో తరగతి, మహిళలకూ దళితులకూ ఎనిమిది, వార్డు సభ్యత్వానికి పోటీ చేసే దళిత మహిళలకు అయిదు. ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలన్నారు, కరెంటు బకాయి ఉండకూడదన్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో రాజ్‌బాల కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనలన్నింటినీ సమర్థించింది. రాజస్థాన్ కూడా అంతకుముందే చదువు నిబంధన తెచ్చి, 2019లో ఎత్తేసింది. ఎమ్మెల్యేకీ ఎంపీకీ లేని అర్హత వార్డు మెంబరుకు ఎందుకు? బడి కట్టని రాజ్యం, బడికి పోలేదని శిక్ష వేస్తుందా?

మా ఇళ్లలో మొదట కాలేజీ గడప తొక్కింది మేమే. వేలిముద్ర వేసే మా అమ్మానాన్నలకు చెరువు నీళ్లు ఏ తూము నుంచి ఎవరి పొలానికి పోతాయో, రేషన్ ఎక్కడ తరుగు పోతుందో తెలుసు. మేము ఆ సంగతులు యూనివర్సిటీలో పుస్తకాలు చదివి మళ్లీ తెలుసుకుంటున్నాం. చదువు విలువ తెలియక ఈ మాట అనడం లేదు. చదువు హక్కు. దాన్ని కంచెగా మార్చడాన్నే వ్యతిరేకిస్తున్నాం.

మరి రిజర్వేషన్ దండగేనా?

ఇంత చెప్పాక, పంచాయతీ రిజర్వేషన్లతో ఏమీ రాలేదనే మాట మా నోట పెట్టడానికి కొందరు సిద్ధంగా ఉంటారు. అది మా మాట కాదు. రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తర్ డుఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం, పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ గ్రామాల్లో మహిళలు అధ్యక్షులైన చోట మంచినీళ్ల మీద ఖర్చు పెరిగిందని చూపింది. దక్షిణాది రాష్ట్రాల మీద బెస్లీ, పాండే, విజయేంద్ర రావు చేసిన పరిశీలనలో, రిజర్వుడు పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రయోజనాలు ఎక్కువ చేరినట్టు కనిపించింది. తాడ్ డనింగ్, జాహ్నవి నీలేకని 2013లో అచ్చువేసిన అధ్యయనం మాత్రం పంపిణీలో పెద్ద తేడా లేదని తేల్చింది. పార్టీల బంధనాలు కులం గీతలను దాటి పనిచేయడం అందుకు కారణమని వాళ్లు వివరించారు.

మాకు వీటన్నింటికంటే ముఖ్యమనిపించింది రాజస్థాన్‌లో సిమోన్ షోషార్ చేసిన పరిశోధన. దళిత సర్పంచ్ ఉన్నంత మాత్రాన అగ్రకులాల మనసులో ఉన్న చిన్నచూపు పోలేదని ఆయన కనుగొన్నాడు. అయితే దళితుణ్ని బహిరంగంగా అవమానిస్తే ఇప్పుడు నడవదు అన్న అంచనా ఊళ్లో పెరిగింది. అంటే హృదయాలు మారలేదు, లెక్కలు మారాయి. అవమానానికి ఖరీదు ఉంటుందని తెలిస్తే చెయ్యి వెనక్కి పోతుంది. ఊళ్లో కలుపుకుపోవడం మొదలయ్యేది ఇక్కడినుంచే. ప్రేమ తర్వాత వస్తే రానీ.

శిక్షణ ఎవరికి?

కాబట్టి శిక్షణే వద్దని మేము అనడం లేదు. ఎవరికి, దేనికి అన్నది తేలాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నాయి. సెక్షన్ 3(1)(ఎం) ప్రకారం, పంచాయతీలో సభ్యులుగానో అధ్యక్షులుగానో ఉన్న దళితులను, ఆదివాసులను విధులు చేయనివ్వకుండా అడ్డుకోవడం, బెదిరించడం నేరం. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరమే. శిక్షణలో మొదటి రోజు మొదటి గంటలో చెప్పాల్సిన పాఠం ఇది. చెప్పాల్సింది దళిత సర్పంచ్‌కు ఒక్కరికే కాదు. ఉప సర్పంచ్‌కు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శికి, ఎంపీడీవోకు, ఎస్సైకి ముందు చెప్పాలి. కలుపుకోవడం నేర్చుకోవాల్సింది వెలివేసినవాళ్లు. వెలివేయబడ్డవాళ్లకు ఆ పాఠం చెప్పి ఏం లాభం?

దళిత మహిళా సర్పంచ్‌ల సంగతి వేరుగా చూడాలి. మన రెండు రాష్ట్రాల్లో సగం స్థానాలు మహిళలవి. 'సర్పంచ్ భర్తల పెత్తనం' అని అందరినీ ఒకే గాటన కట్టి రాస్తున్నారు. దళిత మహిళ విషయంలో పెత్తనం చేసేది మొగుడే కానక్కర్లేదు, అతను కూలికి పోయే ఆసామీ కూడా కావచ్చు. ఒకేసారి ఇంట్లో మగవాడితోనూ ఊళ్లో అగ్రకులంతోనూ ఆమె తలపడాలి. అందరి ఆడవాళ్లకూ చెప్పే పాఠమే ఆమెకూ చెబితే సగం పోరాటాన్ని లేనట్టు చూపించినట్టే.

శిక్షణతో తేలని పనులు వేరే ఉన్నాయి. రిజర్వుడు పంచాయతీల్లో ఉమ్మడి చెక్ పవర్ తీసేసి, సర్పంచ్‌తో పాటు జవాబుదారీ ఉన్న ప్రభుత్వోద్యోగి సంతకం పెట్టించాలి. ఏకగ్రీవ ప్రోత్సాహకాలు రద్దు చేయాలి. గ్రామసభకు ముందు వాడలో వాడ సభ పెట్టి, దాని తీర్మానాన్ని పంచాయతీ ప్రణాళికలో చేర్చడం తప్పనిసరి చేయాలి. 2013 ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద వచ్చే డబ్బులో ఎంత ఏ వాడకు వచ్చిందో పంచాయతీ గోడ మీద రాయాలి. సర్పంచ్ అప్పు చేసి పని చేయించే దుస్థితి పోవాలి.

ఇంకొక ప్రశ్న కూడా ఉంది. అది చాలామందికి నచ్చదు. 2018లో తెలంగాణలో లంబాడీ తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. 'మా తండాలో మా రాజ్యం' అని దశాబ్దాలుగా చేసిన పోరాటానికి ఫలితం అది. తండాకు వర్తించిన తర్కం పెద్ద దళితవాడలకు ఎందుకు వర్తించదు? వాడకు భూమి లేదు, పన్ను రాదు, ఊరి నుంచి తెగిపోతే కూలి దొరకదు అంటారు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది, కొట్టిపారేయలేం. విడి పంచాయతీ అయితే వెలివాడకు చట్టమే ముద్ర వేసినట్టవుతుందన్న భయం మన ఉద్యమంలోనూ ఉంది. అయినా అంబేద్కర్ 1947లో వేసిన ఈ ప్రశ్నను భూమి ప్రశ్నతో కలిపి మళ్లీ అడగకుండా, ఉన్న ఊరినే 'సమ్మిళిత గ్రామం' అని పిలిచి తృప్తిపడటం మావల్ల కాదు. వాడ సభ, విడి పంచాయతీ, భూమి, ఈ మూడింటి మీద దళిత, ఆదివాసీ, బహుజన పరిశోధకులూ, ముఖ్యంగా పదవిలో ఉన్న, పదవి దిగిపోయిన దళిత సర్పంచులూ తమ అనుభవాలతో ఈ పత్రికలో చర్చను ముందుకు తీసుకుపోవాలని కోరుతున్నాం.